మనసు పెట్టమంటారు సరే, ఎక్కడ పెట్టాలి?

విజయనగరం విజ్జీ స్టేడియంలో గానీ, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో గానీ స్కూలు పిల్లల పోటీలు జరిగే రోజున గట్టు మీద కాసేపు కూర్చోండి. ఒకటే సలహా నాలుగు వైపుల నుంచీ వినబడుతుంది. "మనసెట్టి ఆడరా!" "బుర్రెక్కడెట్టావే?" "కంగారుపడకు, కంగారుపడకు!" చెప్పేవాళ్లలో పీఈటీ మాస్టారు ఉంటారు, మేనకోడలి ఆట చూడ్డానికి చీపురుపల్లి నుంచి వచ్చిన మేనమామ ఉంటాడు, ఆటతో ఏ సంబంధమూ లేని శనక్కాయల బండాయనా ఉంటాడు. పిల్ల ఓడి బయటికి రాగానే అందరూ కలిసి తీర్పిచ్చేస్తారు: కాన్సంట్రేషన్ లేదు.

ఈ తీర్పు ఏ ఓటమికైనా అతుకుతుంది. అందుకే దాని వల్ల ఏ ఓటమీ అర్థం కాదు. ఆ పిల్ల మనసు పెట్టలేదని మనకెలా తెలుసు? చాలాసార్లు గట్టిగానే పెట్టి ఉంటుంది, పెట్టకూడని చోట పెట్టి ఉంటుంది. ఏకాగ్రతను మనం ఎక్కువ తక్కువల లెక్కలో చూడ్డానికి అలవాటుపడ్డాం. ఆటల మీద పరిశోధన చేసినవాళ్లు గత యాభై ఏళ్లుగా అడుగుతున్నది వేరే ప్రశ్న: ధ్యాస ఎటు ఉంది, ఏ క్షణంలో ఎటు మళ్లాలి?

2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ ఇంకొక్క గుండు మిగిలుండగా అందరికన్నా ముందున్నాడు. ఓ మోస్తరు స్కోరు వచ్చినా బంగారం అతనిదే. గురిపెట్టాడు, పేల్చాడు. గుండు చక్కగా తగిలింది, కాకపోతే పక్క వరసలో ఉన్న ఆస్ట్రియా షూటర్ లక్ష్యానికి తగిలింది. స్కోరు సున్నా, స్థానం ఎనిమిది. మామూలుగా అతను ముందు లక్ష్యం పైనున్న నంబరు చూసుకుని, ఆ తర్వాతే తుపాకీని కిందికి దించేవాడు. ఆ ఒక్కసారి మాత్రం తనను తాను కుదుటపరచుకోవడం మీదే ధ్యాసంతా ఉండి, నంబరు వైపే చూడలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. అతనికి ఏకాగ్రత లేదని అనగలమా? కావలసినంత ఉంది. 'కంగారుపడకు' అన్న మన గట్టు మీది సలహానే అతను తనకు తాను ఇచ్చుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. (ఆ రోజు ఓదార్చడానికి వచ్చిన చెక్ షూటర్ కేటరీనానే తర్వాత అతను పెళ్లాడాడు. అంతా నష్టమే అనడానికి లేదు.)

రాబర్ట్ నైడెఫర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1976లో ధ్యాసను రెండు ప్రశ్నలతో కొలిచాడు. ఎంత వెడల్పు? లోపలికా, బయటికా? కబడ్డీలో కూతకు వెళ్లిన కుర్రాణ్ణి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. గీత దాటగానే ఎదుటి ఏడుగురూ ఎలా సర్దుకుంటున్నారో ఒక్క చూపులో పట్టాలి. అది బయటికి, వెడల్పుగా. బోనస్ గీత దగ్గర కాలు వేసే క్షణంలో మూలనున్న డిఫెండర్ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడకూడదు. అది బయటికే, సన్నగా. వరసగా రెండు కూతలు ఖాళీగా వచ్చాయి, ఇది మూడోది, పాయింటు తేకపోతే తానే అవుటు అన్న లెక్క లోపలి పని, వెడల్పుగా. ఊపిరి ఎంత మిగిలిందో తెలియడం లోపల, సన్నగా. కూతకున్న 30 సెకన్లలో ఈ నాలుగింటి మధ్యా తిరగాలి. లెక్క వేసుకోవాల్సింది గీత దాటకముందు. దాటాక కూడా లెక్కలోనే ఉండిపోయినవాడు చీలమండ దగ్గర దొరికిపోతాడు. బయటినుంచి చూసేవాళ్లకు వాడు 'మనసు పెట్టలేదు' అనిపిస్తుంది. నిజానికి వాడు స్కోరుబోర్డు మీద మనసు పెట్టాడు.

ఒళ్లు చేసే అల్లరి

ఇది అంత తేలికైతే పోటీకీ ప్రాక్టీసుకీ తేడా ఉండకూడదు. ఉంటుంది, ఎందుకంటే పోటీ రోజున ఒళ్లు వేరు. గుండె దడ, చల్లబడిన అరచేతులు, ఎన్నిసార్లు వెళ్లొచ్చినా మళ్లీ బాత్‌రూంకి వెళ్లాలనిపించడం, ఇదంతా అడ్రినలిన్ పని. దాంతోపాటు ధ్యాస కూడా సన్నబడుతుంది. 1959లో ఈస్టర్‌బ్రూక్ అనే ఆయన దీనికి ఒక వరస చెప్పాడు. ఒత్తిడి పెరిగే కొద్దీ ముందు పనికిరానివి మన దృష్టిలోంచి జారిపోతాయి: గట్టు మీది అరుపులు, పక్క కోర్టు ఆట. అక్కడిదాకా మంచిదే. ఇంకా పెరిగితే పనికొచ్చేవీ జారిపోతాయి: ఎదుటివాడి భుజం ఎటు తిరుగుతోంది, లక్ష్యం మీద ఎన్నో నంబరు ఉంది. అందుకే కొంత కంగారు ఆటగాడికి చుట్టమే, మరీ ఎక్కువైతేనే శత్రువు.

ట్రైనింగ్ క్లాసుల్లో ఈ మాట చెప్పడానికి బోర్డు మీద గొడుగు ఆకారంలో ఒక గీత గీసి, యెర్క్స్, డాడ్సన్ అని రెండు పేర్లు రాస్తారు. 1908లో వాళ్లు పరీక్షించింది చిట్టెలుకల్ని. కరెంటు షాకు ఎంత ఉంటే ఎలుక సరైన గడి త్వరగా నేర్చుకుంటుందని చూశారు. ఆటగాళ్లను వాళ్లు చూడనే లేదు. ఆ గీత పూర్తిగా తప్పని కాదు గానీ, దానిలోంచి 'నీకు ఇంత టెన్షన్ సరిపోతుంది' అని ఎవరికీ లెక్క తీసి చెప్పలేం. ఆటకో రకం, మనిషికో రకం. వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువును ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌కు సిద్ధమవుతున్న అమ్మాయికి చెంప మీద రెండు చరుపులు సాయపడొచ్చు. అదే చరుపు విలుకాడికి ఇస్తే బాణం ఎటు పోతుందో చెప్పలేం.

ఇంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది, ఒత్తిడి ఆటను చెడగొట్టే రెండో దారి. మొదటి దారి అందరికీ తెలిసిందే: ధ్యాస పక్కకు పోవడం. జనం, ఫలితం, ఇంటికెళ్లాక ఏమంటారో అన్న భయం. రెండోది దీనికి తలకిందులు. ధ్యాస మరీ దగ్గరకు వచ్చేసి, ఒంటికి వచ్చిన పనిలో వేలు పెట్టడం. బ్యాంకులో క్లర్కు చూస్తుండగా సంతకం పెట్టి చూడండి. ఇరవై ఏళ్లుగా పెడుతున్నదే, ఆ ఒక్కసారి అక్షరం అక్షరం జాగ్రత్తగా రాస్తాం, పాసుపుస్తకంలో ఉన్నదానితో కలవదు. రాయ్ బామైస్టర్ 1984లో ఈ సంగతి మీద పరిశోధన రాశాడు. తర్వాత సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన పరీక్ష ఇంకా తేటగా ఉంటుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్లను కోన్‌ల మధ్య బంతి తీసుకెళ్లమన్నారు. వెళ్తూనే, బంతికి పాదం ఏ వైపు తగులుతోందో గమనించమన్నారు. కొత్తవాళ్లకు అది ఇబ్బంది కాలేదు, ఒక రకంగా సాయపడింది. ఆరితేరినవాళ్లు మాత్రం, అలవాటున్న కాలితో, నెమ్మదించిపోయారు.

దీన్ని మన మైదానాలకు తెచ్చి చూస్తే కోచింగులో సగం అరుపులు ఎందుకు బెడిసికొడతాయో అర్థమవుతుంది. ఆరో తరగతి పిల్లకు "మోచెయ్యి వంచకమ్మా" అంటే పనికొస్తుంది. అదే మాట రాష్ట్రస్థాయి పోటీలో, ఆరేళ్లుగా లిఫ్ట్ చేస్తున్న అమ్మాయికి బార్ ముందు నిలబడ్డాక చెబితే, తనంతట తానే నడుస్తున్న పని ఆగిపోతుంది. చెప్పాల్సిందేదైనా ప్రాక్టీసులో చెప్పాలి. పోటీలో చెప్పక తప్పకపోతే ఒంటి గురించి కాక, ఒంటి బయట జరగాల్సిన దాని గురించి చెప్పాలి. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివరి నుంచి రకరకాల ఆటల్లో చూపించింది ఇదే. కాళ్ల మీద ధ్యాస పెట్టినవాళ్లకంటే, కాళ్లు కదిలించే వస్తువు మీదో, చేరాల్సిన చోటు మీదో ధ్యాస పెట్టినవాళ్లు బాగా చేస్తారు. "మోకాళ్లు తన్ను" అనడం కంటే "నేలను తోసెయ్" అనడం మేలు. "మణికట్టు తిప్పు" అనడం కంటే "కాకు వెనక గీత దగ్గర పడాలి" అనడం మేలు. కాకు అంటే షటిల్ కాక్, మన పిల్లలు అలాగే అంటారు.

ప్లాట్‌ఫారం మీద ఒక్క నిమిషం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏకాగ్రత గురించి మాట్లాడుతూ వెయిట్‌లిఫ్టింగ్‌ను పక్కన పెట్టడం కుదరదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అంటే రాష్ట్రంలో లిఫ్టర్లలో తెలియనివాళ్లు లేరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగులో దొరకడంతో అది వెండి అయింది.

ఆట నియమాలే ఇక్కడ ధ్యాసకు పరీక్ష పెడతాయి. బార్‌ను ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో మూడు అవకాశాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. పేరు పిలిచాక 60 సెకన్లలో బార్ నేల విడవాలి. వరసగా రెండోసారీ తానే ఎత్తాల్సి వస్తే 120 సెకన్లు. 30 సెకన్లు మిగిలాయనగా హెచ్చరిక మోగుతుంది. ఈ ఒక్క నిమిషం కోసం వార్మప్ గదిలో ఎంతసేపు కూర్చోవాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు, అవతలివాళ్లు బరువులు మార్చే కొద్దీ వరస మారుతుంటుంది.

కుదురైన లిఫ్టర్ ఆ నిమిషాన్ని ఎలా ఖర్చు పెడుతుందో చూడండి. చాక్ డబ్బా దగ్గర ఆగుతుంది. రెండు అరచేతులకూ పొడి రుద్దుకుంటుంది, బొటనవేలికి చుట్టిన టేపు మీద ఇంకాస్త. బెల్టు బిగించుకుంటుంది. ప్లాట్‌ఫారం ఎక్కి, బార్ తన బూటు లేసుల మీదుగా ఉండేలా కాళ్లు సర్దుకుంటుంది. వంగి, బార్ మీది గుర్తు గీతను వేలితో వెతుక్కుంటుంది. ముందు బొటనవేలు చుట్టి, దాని మీద మిగతా వేళ్లు మూస్తుంది. ఒక ఊపిరి. చూపు ఎదురుగా ఒక్క చోట. లేపుతుంది. బరువు 60 కిలోలైనా 90 అయినా ఇదే వరస, దాదాపు ఇంతే సేపు.

కుదురు తప్పిన రోజు కూడా ఇక్కడే బయటపడుతుంది, బార్ లేవకముందే. పొడి రెండోసారి రుద్దుకుంటుంది. చూపు స్కోరుబోర్డు మీదికి వెళ్లి, అక్కణ్ణుంచి కోచ్ మీదికి వెళ్లి, మళ్లీ బోర్డు మీదికి వస్తుంది. కాళ్లు సర్దుకుని, మళ్లీ వెనక్కి జరిగి, మళ్లీ సర్దుకుంటుంది. హెచ్చరిక మోగాక హడావిడిగా వంగుతుంది. పోటీలు చూసే అలవాటున్నవాళ్లు అప్పుడే పెదవి విరిచేస్తారు.

ఆ వరసను ఆటల పరిభాషలో రొటీన్ అంటారు. దానికి మహిమలేమీ లేవు. ఆ నిమిషంలో ప్రతి క్షణానికీ ధ్యాస ఎక్కడుండాలో అది ముందే నిర్ణయించేస్తుంది. గీత ఎక్కడుందో వెతికే వేలికి 'గెలుస్తానా' అన్న ప్రశ్న వేసుకునే తీరిక ఉండదు. చివర్లో ఎదురుగా నిలిపే చూపుకు కూడా ఇలాంటి పనే ఉందనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేసేవాళ్ల కళ్లను జోన్ వికర్స్ అనే కెనడా పరిశోధకురాలు 1990లలో కెమెరాలతో పరిశీలించినప్పుడు, గురి ఉన్నవాళ్లు చెయ్యి కదిలే ముందు రింగు మీద ఒకే చోట చూపును ఎక్కువసేపు నిలుపుతున్నారని తేలింది. అది గురిచూసే ఆటల సంగతి. లిఫ్టింగ్‌కు యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. కానీ కన్ను తిరుగుతున్నంతసేపూ మనసు కుదురుగా ఉండడం ఎక్కడా చూడలేదు.

సిడ్నీ సంగతి చెప్పుకోకుండా ఇది పూర్తి కాదు. 2000 సెప్టెంబరు 19, మహిళల 69 కిలోల విభాగం. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన మార్కుష్ ఇద్దరివీ 242.5. మల్లీశ్వరి చివరి అవకాశంలో ఒక్కసారిగా 137.5 కిలోలు వేయించారు. లేస్తే బంగారం. లేవలేదు, కాంస్యం దక్కింది. పాతికేళ్లుగా మన దగ్గర టీ కొట్టు చర్చల్లో ఈ ఏడున్నర కిలోల పెంపు మీద వాదన నడుస్తూనే ఉంది. కొంతమంది దీన్ని కూడా 'ఆ క్షణంలో మనసు చెదిరింది' అనేస్తారు. అది అన్యాయం. 137.5 కిలోలు ఎత్తలేకపోవడానికి మనసు చెదరాల్సిన పని లేదు, ఆ బరువు చాలు. ప్రతి ఓటమి వెనకా ఏకాగ్రత లోపం వెతికే జబ్బు మనకు తగ్గాలి.

ఆ లెక్క నుంచి నేర్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఎంత బరువు వేస్తే ఏ స్థానం వస్తుందో, అవతలివాళ్లకు ఎన్ని అవకాశాలు మిగిలాయో అన్నది మంచి జట్టులో కోచ్ పని. బల్ల దగ్గర కార్డు మీద మార్పులు రాసేది కోచ్, ఆ వెడల్పైన లెక్కంతా ఉండాల్సింది కోచ్ తలలో. లిఫ్టర్‌కు చేరాల్సింది ఒక్క మాట: నీ పేరు పిలిచారు, పద. మన ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలకు చాలాసార్లు ఈ వీలుండదు. ఒక్క కోచ్‌కు పదిమంది పిల్లలు, వాళ్లలో ఇద్దరు ఒకేసారి వేర్వేరు చోట్ల. అప్పుడు లెక్కా తానే, లిఫ్టూ తానే. వాళ్ల ఏకాగ్రత గురించి మాట్లాడేముందు ఆ కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టగలమా అని చూడాలి.

వద్దన్న మాట

"డబుల్ ఫాల్ట్ చెయ్యకు." "గీత తొక్కకు." "ఇంకో హర్డిల్ పడెయ్యకు." పిల్లల మేలు కోరి చెప్పే మాటలే ఇవి. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని డేనియల్ వెగ్నర్ 1987లో తన విద్యార్థులకు చెప్పి చూస్తే, అది వాళ్ల బుర్రలోంచి పోనే లేదు. ఒక దాన్ని తలుచుకోకూడదంటే, తలుచుకుంటున్నానా లేదా అని మనసు మాటిమాటికీ తొంగి చూడాలి. తీరిగ్గా ఉన్నప్పుడు ఫర్వాలేదు, ఒత్తిడిలో ఆ తొంగిచూపే గెలుస్తుందని ఆయన తర్వాత వివరించాడు. లాంగ్‌జంప్‌లో "గీత తొక్కకు" అని విన్న పిల్ల పరుగు చివర్లో అడుగులు కుదించి, బోర్డు వైపే చూస్తూ దూకుతుంది. ఊపు పోతుంది, లేదా గీతే తొక్కుతుంది. "పరుగు మొదటి అడుగు నీ గుర్తు మీదే పడాలి" అని చెబితే ఆ పిల్లకు చెయ్యడానికో పని దొరుకుతుంది.

పొరపాటు జరిగిపోయాక ఏం చెయ్యాలన్నది దీనికి రెండో సగం. ఇక్కడ పక్క జిల్లా అమ్మాయి ఉదాహరణ చాలు. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి పక్క లైనులో చైనాకు చెందిన వూ యాన్ని తుపాకీ మోగకముందే కదిలింది, ఆ కదలికకు జ్యోతి కూడా కదిలింది. ఇద్దర్నీ తప్పించబోయారు. ట్రాక్ మీదే వాదన, నిరసన, అధికారులు తెర మీద మళ్లీ మళ్లీ చూడ్డం. చివరికి నిరసన నమోదు చేసుకుని, తీర్పు తర్వాతకు వదిలి, ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. అంత గొడవ తర్వాత ఆమె మళ్లీ బ్లాకుల్లో కాలు పెట్టి 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది. వూను తర్వాత అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతికి వెండి దక్కింది. ఆ నిమిషాల్లో ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు, తెలిసినట్టు రాసేవాళ్లను నమ్మొద్దు కూడా. బయటికి కనబడింది మాత్రం గమనించదగ్గది: వాదించాల్సినప్పుడు గట్టిగా వాదించింది, పరుగెత్తాల్సినప్పుడు వాదనను అక్కడే వదిలేసింది.

అలా వదిలెయ్యడం పుట్టుకతో వచ్చే గుణం కానక్కర్లేదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త దీనికి పనికొచ్చే ఒక సాధనం చూపించాడు. 'ఇలా జరిగితే, అలా చేస్తాను' అని ముందే కట్టుకున్న మాట. 'ధైర్యంగా ఉంటాను' అనుకోవడం కంటే ఇది బాగా పనిచేస్తుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. "సర్వీసు నెట్‌కు తగిలితే, రాకెట్ తీగలు ఒకసారి సర్దుకుని ఎదుటి కోర్టు మూల చూస్తాను." "రిఫరీ తప్పు నిర్ణయం ఇస్తే, కెప్టెన్ మాట్లాడతాడు, నేను నా చోటికి వెళ్తాను." మాట చిన్నదై, చేతికో కంటికో పని చెప్పేదై ఉండాలి. బ్యాడ్మింటన్‌లో 11 పాయింట్ల దగ్గర వచ్చే 60 సెకన్ల విరామంలో కోచ్ చెప్పే ఏడు సూచనల కంటే ఇలాంటిది ఒకటి మేలు. ఏడూ ఎలాగూ గుర్తుండవు.

పదహారొందల మీటర్లు

ఒలింపిక్స్ సంగతి సరే, మన దగ్గర వేలమంది కుర్రాళ్లకు అసలు పోటీ వేరే ఉంది. తెల్లవారుజామున పలాస నుంచి చీపురుపల్లి దాకా ఏ రోడ్డు మీద చూసినా, కళింగపట్నం ఇసకలో చూసినా పరుగెత్తేవాళ్లు కనబడతారు. ఆర్మీ, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు. పతకం రాకపోతే వచ్చే ఏడాది ఉంది. ఇక్కడ వయసు దాటిపోతే ఉద్యోగమే లేదు. ఒత్తిడి లెక్కన సిడ్నీకి తీసిపోదు.

గుంపుగా వదులుతారు. ముందున్న నలుగురు దూసుకుపోతారు, మిగతావాళ్ల ధ్యాసంతా వాళ్ల వీపుల మీదే. మొదటి చుట్టు ప్రాక్టీసులో ఎప్పుడూ చూడనంత వేగంగా అయిపోతుంది, మూడో చుట్టు మొదట్లో తొడలు రాళ్లవుతాయి. "దమ్ము చాల్లేదు" అంటారు గానీ చాలామందిలో దమ్ము ఉంది, మొదటి చుట్టులోనే ఖర్చయిపోయింది.

దూరపు పరుగులో ధ్యాస గురించి 1977లో మోర్గన్, పొలాక్ ఒక ఆసక్తికరమైన సంగతి రాశారు. మామూలు మారథాన్ పరుగువాళ్లు బాధ తెలియకుండా మనసును ఎటో పంపేస్తుంటే, అగ్రశ్రేణివాళ్లు తమ ఊపిరినీ కాళ్లనూ గమనిస్తూ వేగం సర్దుకుంటున్నారు. అలాగని అడుగడుగునా ఊపిరిని లెక్కపెడుతూ కూర్చుంటే పరుగు ఖరీదైపోతుందని, అదే వేగానికి ప్రాణవాయువు ఎక్కువ ఖర్చవుతుందని తర్వాతి పరీక్షలు చెప్పాయి. కాబట్టి ఒంటి వైపు చూడాలి, అయితే అప్పుడప్పుడు, వేగం సరిచూసుకోవడానికి మాత్రమే. మొదటి చుట్టులో చూడాల్సింది తన గడియారం. రెండు, మూడు చుట్లలో భుజాలు బిగుసుకున్నాయా అని ఒకసారి చూసుకుని, మిగతా సేపు ఎదుటివాడి చొక్కా నంబరు. ఆఖరి చుట్టులో మలుపు దాటాక గీత తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఇదంతా రోడ్డు మీద గుంపుతో సాధన చేస్తేనే వస్తుంది. ఒక్కడే చీకట్లో పరుగెత్తే కుర్రాడికి ముందువాళ్ల వీపులు లాగడమంటే ఏమిటో రాలీ రోజునే మొదటిసారి తెలుస్తుంది.

ఊపిరి, నిద్ర, ఇంకొన్ని

శ్రీకాకుళం స్టేడియానికి పేరిచ్చిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, ఊపిరి బిగబట్టే వాయుస్తంభన, నీటిలో ఉండిపోయే జలస్తంభన విద్యలు తెలుసని పెద్దలు చెప్పుకుంటారు. అంత అక్కర్లేదు. ఊపిరి తీసుకునేదాని కంటే వదిలేది కాస్త ఎక్కువసేపు ఉంటే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. పోటీ ముందు రెండు మూడు నిమిషాలు చాలు. బార్ పట్టుకున్నాక చెయ్యాల్సిన పని కాదిది, అప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే.

'కంగారుపడకు' అన్న మాటకు బదులు ఇంకోటి ఉంది. దడదడలాడే గుండెను నిమ్మళపరచడం కష్టం, దాని అర్థం మార్చుకోవడం తేలిక. భయానికీ ఉత్సాహానికీ ఒళ్లు చేసే చప్పుడు దాదాపు ఒకటే. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరీక్షల్లో పాట పాడేముందు, ప్రసంగించేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లు, "నెమ్మదిగా ఉండాలి" అనుకున్నవాళ్ల కంటే బాగా చేశారు. "ఏటమ్మీ, ఊపొచ్చిందా?" అని అడిగే కోచ్‌కు ఈ పరిశోధన తెలియనక్కర్లేదు, పని మాత్రం అదే చేస్తున్నాడు.

నిద్ర సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో తలుపు పక్కన కూర్చుని రాత్రంతా ప్రయాణం చేసిన పిల్లల్ని పొద్దున్నే కోర్టులోకి దించి, ధ్యాస నిలవడం లేదంటే ఎలా? ఒక్కరోజు ముందు చేరేలా టిక్కెట్లు తియ్యడం ఏ మానసిక శిక్షణకైనా ముందు చెయ్యాల్సిన పని. పోటీ ముందు గంట ఫోన్ కోచ్ దగ్గరుంటే మంచిది. ఆ గంటలో వచ్చే 'ఆల్ ది బెస్ట్'లలో సగం, ఇంట్లోవాళ్ల ఆశల చిట్టా.

ఇక సాధన. పోటీలో ధ్యాస నిలవాలంటే ప్రాక్టీసులో పోటీ ఉండాలి. వారానికోసారి ఒళ్లు చల్లబడ్డాక, ఒక్కటే అవకాశం ఇచ్చి, పేరు మైకులో పిలిచి, గడియారం పెట్టి, మిగతా పిల్లలందరి చేతా అరిపించి ఎత్తమనాలి. పాయింటు పోయినవాళ్లు మైదానం ఊడవాలన్న చిన్న పందెం పెట్టినా చాలు. కొద్దిపాటి ఒత్తిడి కింద సాధన చేసినవాళ్లు పెద్ద ఒత్తిడిలోనూ నిలదొక్కుకుంటారని బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీదా, పోలీసుల తుపాకీ శిక్షణ మీదా చేసిన పరీక్షలు చెబుతున్నాయి. రొటీన్ కూడా అక్కడే పుట్టాలి. పోటీ రోజున కొత్తగా కనిపెట్టిన రొటీన్ ఇంకో కంగారు. ఒక మాటను గుర్తుగా పెట్టుకుంటే, కొన్నాళ్లకు అది అరిగిపోతుంది, నోరు అంటుంటుంది గానీ మనసు వినదు. అప్పుడు మాట మార్చుకోవాలి.

వీటన్నిటికీ లొంగని పిల్లలూ కొందరుంటారు. పోటీ ఉన్నా లేకున్నా వారాల తరబడి నిద్ర పట్టదు, తిండి సహించదు, మైదానం పేరెత్తితే వాంతి వస్తుంది, అంతకుముందు ఇష్టంగా ఆడిన ఆట మీద విరక్తి. దాన్ని ఏకాగ్రత లోపమని ఇంకో రెండు గంటలు ప్రాక్టీసు వెయ్యకూడదు. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. అంతదూరం వెళ్లడానికి ఇంట్లో జంకితే, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.